రామప్పంతులు కండువా: ఒక హాస్య నాటకం, ఐదుగురు నటులు

విశాఖపట్నంలో మాదొక చిన్న నాటక సమాజం. 2017 నుంచి 2024 దాకా, మధ్యలో కరోనా మింగేసిన రెండేళ్ళు పోగా, కన్యాశుల్కం యాభై పైచిలుకు సార్లు ఆడాం. దర్శకుడిగా ప్రతి ప్రదర్శనకీ నేను స్టేజీ పక్కన వింగులోనే నిలబడ్డాను. ఆ నాటకంలో జనాన్ని నవ్వించిన ఐదుగురు ఈ ఏడేళ్ళలో ఏమయ్యారో, అందులో నా చేయి ఎంత ఉందో ఇక్కడ రాస్తున్నాను. హాస్య పాత్రలు వేసేవాళ్ళకీ వేయించేవాళ్ళకీ పనికొస్తుందని ఆశ. నటుల పేర్లు రాయను, పాత్ర పేరుతోనే చెబుతాను. బయట కూడా వాళ్ళని జనం అలాగే పిలుస్తున్నారు. చిక్కు మొదలైంది కూడా అక్కడే.

గురజాడ వారి ఈ నాటకాన్ని విజయనగరంలో మొదటిసారి ఆడింది 1892లో. అచ్చయింది 1897లో. 1909లో ఆయన దాన్ని బాగా పెంచి తిరగరాశారు. ఇప్పుడు మనం చదివేదీ ఆడేదీ ఆ రెండో కూర్పే. ఏడంకాలు. ఉన్నదున్నట్టు ఆడితే ఈ రోజుల్లో ఏ హాలువాళ్ళూ అంతసేపు ఇవ్వరు. మేము రెండుంపావు గంటలకు కుదించాం. కుదించేటప్పుడు ఒక్క నియమం పెట్టుకున్నాను. నవ్వొచ్చే మాటలన్నీ ఏరి పక్కపక్కన పేర్చకూడదు. నవ్వుకు ముందు ఉండే మామూలు మాటలు కూడా ఉండాలి. అగ్నిహోత్రావధాన్లు డబ్బు తీసుకుని, చిన్నపిల్ల అయిన కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టబోతాడు. ఆ ఇంట్లో పెళ్ళి గొడవ భయంగా ఉండాలి. అది భయంగా ఉంటేనే, పెళ్ళి తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి వేసిన ఎత్తు పారినప్పుడు జనం ఊపిరి పీల్చుకుని నవ్వుతారు.

మా నటుల్లో ఒక్క మధురవాణి తప్ప అందరికీ వేరే బతుకుతెరువు ఉంది. రామప్పంతులు కరెంటు ఆఫీసులో గుమస్తా. లుబ్ధావధాన్లు రిటైరైన తెలుగు మాస్టారు. గిరీశం ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. శిష్యుడు వేషం వేసినవాడు అప్పటికి తొమ్మిదో తరగతి. ప్రదర్శనకి వెళ్తే బస్సు చార్జీ, భోజనం, ఆపైన కవర్లో పెట్టి ఇచ్చేది ఒక రోజు కూలీకి మించదు.

ఇందులో చిన్నతనమేమీ లేదు. తెలుగు నాటకం ఎప్పుడూ ఇలాగే నడిచింది. ఇదే నాటకాన్ని దశాబ్దాల పాటు భుజాన మోసిన జె.వి. సోదరులను చూడండి. రమణమూర్తి గారు గిరీశం, సోమయాజులు గారు రామప్పంతులు. వందల సార్లు ఆడారు. సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేస్తూనే ఆ వేషం కట్టారు. 1980లో శంకరాభరణం వచ్చాక ఊరూరా ఆయన శంకరశాస్త్రి అయిపోయారు. ఆయన రామప్పంతుల్ని చూసిన పెద్దవాళ్ళు మాత్రం ఇప్పటికీ ఆ నడక గురించే చెబుతారు. 1955లో వచ్చిన కన్యాశుల్కం సినిమాలో లుబ్ధావధాన్లు వేసిన గోవిందరాజుల సుబ్బారావు గారు డాక్టరు. కోట శ్రీనివాసరావు గారు స్టేట్ బ్యాంకులో పనిచేస్తూ నాటకాలు ఆడి 1978లో సినిమాల్లోకి వచ్చారు. నెల జీతం ఉన్న నటుడు తనకు నచ్చని వేషాన్ని వద్దనగలడు. హాస్యనటుడికి ఆ వెసులుబాటు మిగతా వాళ్ళకంటే ఎక్కువ అవసరం. అది ఎందుకన్నది రామప్పంతులు విషయంలో నాకు అర్థమైంది.

చీపురు దెబ్బ

మొదటి అంకంలో వేశ్య మధురవాణి ఇంట్లో మంచం సీను చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. రామప్పంతులు మంచం కింద, తర్వాత గిరీశం కూడా మంచం కిందే. గిరీశం మీద కోపంతో పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకుని వస్తుంది. గిరీశానికి పడాల్సిన దెబ్బ రామప్పంతులుకి పడుతుంది. కొట్టినందుకు నవ్వు వచ్చే సీను కాదిది. కోర్టు వ్యవహారాల్లో ఊరందరినీ ఆడించే మనిషి, తన దర్జా తప్ప ఇంకేదీ లేని మనిషి, ఆ దర్జాతోనే మంచం కింద దూరి దెబ్బ తిన్నాడు. నవ్వంతా ఆ దర్జాలో ఉంది.

రిహార్సల్స్‌లో మా రామప్పంతులుకి నేను చెప్పింది ఇంతే: "దెబ్బ పడ్డాక రెండు లెక్కలు ఆగండి. ముందు కండువా సర్దుకోండి. నొప్పి తర్వాత." ఆయన దాన్ని అద్భుతంగా పట్టుకున్నారు. వీపు మీద చీపురు పడగానే కదలకుండా ఉండి, మెల్లగా కండువా అంచు వెతుక్కుని, భుజం మీద మడత సరిచేసుకుని, అప్పుడు మొహంలోకి నొప్పి రానిచ్చేవారు. మొదటి పది ప్రదర్శనల్లో ఆ కండువా దగ్గర వచ్చిన నవ్వు లాంటిది నా నలభై ఏళ్ళ నాటక జీవితంలో నేను తక్కువ విన్నాను. హాలు మొత్తం ఒకేసారి నవ్వేది, ఒకేసారి ఆగేది. ఆ ఆగిన చోట మధురవాణి తన మాట వేసేది.

పదిహేనో ప్రదర్శన ఒక పరిషత్తులో. పోటీ. ఆ రాత్రి దెబ్బ తగిలాక ఆయన కాలు జారి నిజంగానే పడిపోయారు. పంచె కాస్త జారింది. జనం విరగబడి నవ్వారు, ఈలలు వేశారు. ఆయనకి ఉత్తమ హాస్యనటుడి బహుమతి వచ్చింది. తర్వాతి ఊళ్ళో మళ్ళీ పడ్డారు, ఈసారి కావాలనే. ఆపై ఊళ్ళో పడి ఒక దొర్లు దొర్లారు. ఆ తర్వాత మైకు కిందకి వచ్చి జనం వైపు చూసి తన సొంత మాట ఒకటి కలిపారు. అయిదారు నెలల్లో పదకొండు నిమిషాల సీను పంతొమ్మిది నిమిషాలైంది. నేను వాచీ చూసుకుంటూ నిలబడేవాణ్ణి.

నవ్వులు పెరిగాయి కదా, నష్టమేమిటని మా సమాజంలోనే కొందరు అడిగారు. నష్టం నాటకం రెండో సగంలో కనిపించింది. కంటె గొడవలో రామప్పంతులు నిజంగా ఇరుకున పడతాడు. మధురవాణి కంటె పెళ్ళికూతురు మెడలోకి చేరింది, అది తిరిగి తేలేక సతమతమైపోతాడు. మొదటి పది ప్రదర్శనల్లో అక్కడ జనం ముందుకు వంగి చూసేవారు. ఆయన దొర్లడం మొదలుపెట్టాక ఆ సీన్లో ఎవరూ కదలలేదు. దర్జా లేని మనిషికి పరువు పోతుందన్న టెన్షన్ ఎక్కడుంటుంది? మొదటి అంకంలోనే ఆయన దాన్ని అమ్మేసుకున్నారు. మధురవాణి ఒక రోజు మేకప్ తుడుచుకుంటూ నాతో అంది: "మాస్టారూ, నా మాట ఆయన నవ్వులో కొట్టుకుపోతోంది. నేను నోరు మెదిపి ఊరుకుంటున్నానంతే."

ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలి. ఆ రాత్రే గ్రీన్ రూమ్‌లో అందరి ముందూ ఆయన మీద కేకలు వేశాను. నటుణ్ణి తోటివాళ్ళ ముందు, అదీ వేషం ఇంకా ఒంటి మీద ఉండగా తిట్టకూడదు. ఆయన నాకంటే ఆరేళ్ళు చిన్న అయినా ఆ రంగంలో ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి. ఏమీ అనలేదు. రెండు రిహార్సల్స్‌కి రాలేదు. మూడోదానికి వచ్చి నా పక్కన కూర్చుని, "బజారులో పిల్లలు కూడా నన్ను రామప్పంతులూ అని పిలుస్తున్నారు మాస్టారూ. ఆఫీసులో సంతకం పెడుతుంటే పడి చూపించమంటున్నారు. పడకపోతే నేను ఎవర్ని?" అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇలా పాత్ర మనిషికి అతుక్కుపోవడం మనకి కొత్త కాదు. 1982లో నాలుగు స్తంభాలాట సినిమా వచ్చాక హాస్యనటులు వీరభద్రరావు గారికీ వేలు గారికీ సుత్తి ఇంటిపేరైపోయింది. వీరభద్రరావు గారు అంతకు ముందు విజయవాడ రేడియోలో ఎంత గొప్ప గొంతో అక్కడి శ్రోతలకి తెలుసు. వాళ్ళకి ఆ పేరు అన్నం పెట్టింది. నెల జీతంతో బతుకుతూ, నాటకం నుంచి రోజు కూలీకి మించి రాని మా గుమస్తా గారికి మాత్రం అది పెట్టింది ఏమీ లేదు. బరువు మాత్రం మిగిలింది.

ఒక్క పాత్ర మీద నిలిచిన బతుకు

ఈ మధ్యలోనే నాకు బాగా తెలిసిన ఇంకో పెద్దాయనకి జరిగింది చెప్పాలి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పద్య నాటకాలకి కాంట్రాక్టు మీద వెళ్ళే నటుడాయన. జాతర్లకీ తిరునాళ్ళకీ రాత్రికి ఇంత అని మాట్లాడుకుని వెళ్తారు. కాళ్ళకూరి నారాయణరావు గారి చింతామణిలో వైశ్యుడైన సుబ్బిశెట్టి ఆయన వేషం. ఇంకేదీ వేయలేదు. ఆ ఒక్క వేషంతో ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశారు.

చింతామణి వేశ్యా వ్యసనం మీద రాసిన నాటకం. ఊరూరా ఆడగా ఆడగా సుబ్బిశెట్టి భాగం పెరుగుతూ పోయింది. జనం నవ్విన చోటల్లా నటులు మాట కలిపారు. తరం మారినప్పుడల్లా ఇంకొంత కలిసింది. ఆఖరికి కొన్ని చోట్ల బూతు మాటలూ, ఒక కులాన్ని పట్టుకుని హేళన చేయడమూ తప్ప నాటకం మిగల్లేదు. ఆర్యవైశ్యులు ఎన్నో ఏళ్ళు అభ్యంతరం చెప్పారు. వాళ్ళ బాధ న్యాయమైనదే. మన పిల్లల ముందు మన కులాన్ని అలా ఆడిస్తే మనమూ ఊరుకోం. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది.

ఆ పెద్దాయన నాకు ఫోన్ చేసి ఏడ్చారు. "ఇంకో వేషం వేద్దామంటే నన్నెవరు చూస్తారండీ? నేను స్టేజీ మీదకి రాకముందే నవ్వుతారు" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. ఆయనకి ఆ వేషం నేర్పినవాళ్ళు ఆ కలిపిన మాటలతోనే నేర్పారు. అయితే మా రామప్పంతులు దొర్లుడు గురించి నేను అనుకుంటున్నది ఎంత పెద్ద విషయమో ఆ ఫోన్‌తో తెలిసింది. నవ్వు కోసం కలిపిన ప్రతి మాటా రేపటి నటుడికి అప్పుగా మిగులుతుంది.

వేషాలు మార్చాం

కరోనా తర్వాత మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఒక నిర్ణయం తీసుకున్నాను. రామప్పంతులు గారికి లుబ్ధావధాన్లు, లుబ్ధావధాన్లు మాస్టారికి రామప్పంతులు. ముందు రిహార్సల్స్ వరకే అన్నాను. మాస్టారు ఉత్సాహంగా ఒప్పుకున్నారు, ఆయనకి డెబ్భై దగ్గర పడుతున్నా మీసం మెలేసే అవకాశం వచ్చిందని సంబరం. గుమస్తా గారు మాత్రం మొహం చిన్నబుచ్చుకున్నారు. బహుమతి తెచ్చిన వేషం లాక్కుంటున్నానని అనుకున్నారు. "లాక్కోవడం లేదు, ఆ వేషానికి కాస్త సెలవు ఇస్తున్నాం" అన్నాను.

నెల రోజులు పట్టింది. లుబ్ధావధాన్లు పడిపోడు, దొర్లడు. వాడికి డబ్బంటే భయం, పోలీసులంటే భయం, దెయ్యమంటే భయం. ఈ భయానికి జనం నవ్వాలంటే నటుడు నిజంగా భయపడాలి. మొదటి రెండు వారాలు ఆయన భయాన్ని మోకాళ్ళ వణుకులోనే చూపించారు. చేతులు కట్టేసుకుని, కుర్చీలోంచి లేవకుండా చెప్పమన్నాను. గొంతు ఒక్కటే మిగిలింది. ఒక ఆదివారం మధ్యాహ్నం గవరయ్య దెయ్యాన్ని వదలగొట్టే సీను చేస్తుండగా, ఆయన గొంతు ఒక్కసారి చిన్నపిల్లాడి గొంతైపోయింది. రిహార్సల్‌లో టీ తెచ్చిన కుర్రాడు గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మేమెవరమూ నవ్వలేదు. ఆ తర్వాత మాటకి అందరమూ కడుపు పట్టుకుని నవ్వాం.

విజయనగరం దగ్గర ఒక ఊళ్ళో మారిన వేషాలతో మొదటి ప్రదర్శన. మొదటి ఇరవై నిమిషాలు జనం ఆయన పడతారేమో అని చూశారు. ముందు వరసలో ఒకాయన "పంతులుగారూ" అని కేకేశాడు కూడా. ఆయన తల తిప్పలేదు. దెయ్యం సీనుకి వచ్చేసరికి హాలు ఆయన చేతిలో ఉంది. గోవిందరాజుల వారు 1947లో పల్నాటి యుద్ధం సినిమాలో బ్రహ్మనాయుడు వేసి, 1955లో లుబ్ధావధాన్లు వేశారంటే ఒకప్పుడు ఆశ్చర్యపోయేవాణ్ణి. ఆ రాత్రి నుంచి ఆశ్చర్యం పోయింది. రెంటికీ కావలసింది ఒకటే, చెప్పే మాటని నమ్మడం.

ఆ తర్వాత ఏడాదిలో వేరే రెండు సమాజాలు ఆయన్ని తండ్రి పాత్రలకి పిలిచాయి. అందులో ఒకటి మొదటి నుంచి చివరి దాకా ఏడిపించే నాటిక. 2023 చివర్లో ఆయనకి మళ్ళీ రామప్పంతులు ఇచ్చాను. మంచం సీను పన్నెండు నిమిషాలకి వచ్చింది. కండువా తిరిగి వచ్చింది.

శిష్యుడి గొంతు

కరటకశాస్త్రి శిష్యుడు మహేశం ఆడపిల్ల వేషంలో లుబ్ధావధాన్లు ఇంటికి పెళ్ళికూతురుగా వెళ్తాడు. నాటకం మొత్తం ఆ మోసం మీద నడుస్తుంది. దీనికి నిజంగానే పిల్లవాడు కావాలి. పెద్దవాళ్ళు వేస్తే వెకిలిగా ఉంటుంది. మా పిల్లవాడు గొప్పగా చేశాడు. చీర కట్టుకున్న మగపిల్లాడినని ఎక్కడా గుర్తు చేసేవాడు కాదు. అమ్మాయిగా ఉన్నంతసేపూ అమ్మాయే. గురువుగారితో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం గోచీ పెట్టుకున్నవాడిలా కూర్చునేవాడు. నవ్వు ఆ కూర్చోవడంలో ఉండేది. స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలు వేసిన తీరు గురించి వాడికి నేను చాలా చెప్పాను. ఫొటోలు చూపించాను.

పద్నాలుగో ఏట వాడి గొంతు మారడం మొదలైంది. నాకు ముందే తెలియాల్సింది. మంచి శిష్యుడు దొరికాడన్న సంతోషంలో ఇంకొకణ్ణి తయారు చేయలేదు. ఒక ప్రదర్శనలో పెళ్ళిచూపుల దగ్గర గొంతు బొంగురుపోయింది, జనం ఆ గొంతుకే నవ్వారు. వాడు స్టేజీ మీదే ఏడుపు ఆపుకోవడం వింగులోంచి నాకు కనిపించింది. సరిగా పలకని గొంతుని చూసి నవ్వడానికీ, తను పుట్టించిన నవ్వుకీ తేడా ఆ వయసు పిల్లలకి మనకంటే బాగా తెలుస్తుంది. మూడేళ్ళు నాటకం వైపు రాలేదు. వాళ్ళమ్మగారిని కలిసి క్షమాపణ చెప్పాను. ఆవిడ, "వాడికి మీ మీద కోపం లేదు బాబూ, వాడి గొంతు మీదే" అన్నారు.

ఇప్పుడు ఎప్పుడూ ఇద్దరు పిల్లలని సిద్ధం చేస్తున్నాను. మొదటి రోజే ఇద్దరికీ చెబుతాను, ఈ వేషం రెండేళ్ళే, తర్వాత వెంకటేశం ఉంది, ఆ తర్వాత హెడ్ కానిస్టేబులు ఉంది అని.

గిరీశం గురించి క్లుప్తంగా. 2019లోనే హైదరాబాద్ వెళ్ళాడు. టీవీ కామెడీ స్కిట్లలో ప్రయత్నించాడు. అక్కడ రెండు మాటలకొక పంచ్ కావాలి. ఐదు నిమిషాలు కట్టి ఆరో నిమిషంలో నవ్వించే ఓపిక ఎవరికీ ఉండదు. నటుడిగా పెద్దగా నిలబడలేదు కానీ రాయడంలో నిలబడ్డాడు. స్కిట్లు రాస్తున్నాడు, కాలేజీ జీతం కంటే మెరుగ్గా ఉన్నాడు. ఇంట్లో వాళ్ళని హైదరాబాద్ తీసుకెళ్ళాడు. నాటకాన్ని వదిలేశాడని మా వాళ్ళు కొందరు నిష్టూరంగా మాట్లాడతారు. నాకు అలా అనిపించదు. గిరీశం మాటల లయ వాడి చేతిలోకి ఎక్కింది, ఆ చేత్తోనే తింటున్నాడు.

మధురవాణి

మా అందరిలోకీ నాటకమే వృత్తిగా ఉన్నది ఈమె ఒక్కతే. అయిదారు సమాజాలకి వేషాలు వేస్తుంది. ఒకే వారంలో ఒక ఊళ్ళో ద్రౌపది, ఇంకో ఊళ్ళో ఒక నాటికలో తల్లి, మా దగ్గర మధురవాణి. రాత్రి బస్సులోనే పోర్షన్ చూసుకుంటుంది. పరిషత్తుల్లో ఉత్తమ హాస్యనటుడు అనే బహుమతి ఉంటుంది. ఈ నాటకంలో ప్రతి నవ్వుకీ తాళం చెవి మధురవాణి దగ్గర ఉన్నా ఆ బహుమతికి ఆమె పేరు ఎవరూ అనుకోరు. ఉత్తమ నటి ఇస్తారు, లేకపోతే లేదు.

ఆమె పని ఎలాంటిదంటే, మంచం సీనులో నవ్వేవాళ్ళు రామప్పంతుల్ని చూస్తారు. వాళ్ళు ఎప్పుడు చూడాలో నిర్ణయించేది ఆమె. పూటకూళ్ళమ్మ గొంతు వినిపించగానే ఆమె తలుపు వైపు కాకుండా మంచం వైపు ఒక్క చూపు చూస్తుంది. ఆ చూపు అర క్షణం ముందు పడితే నవ్వు పండదు. ఇది నేను నేర్పింది కాదు. ఆమె ముందే తెచ్చుకుంది.

కరోనా రెండేళ్ళు ఆమెకి ఒక్క పైసా ఆదాయం లేదు. మాకు జీతాలు వచ్చాయి. మేము చందాలు వేసి కొంత పంపాం, అది సరిపోయేంత కాదు. ఊళ్ళో బట్టల కుట్టుపని మొదలుపెట్టింది. 2022లో తిరిగి పిలిచినప్పుడు వచ్చింది కానీ కుట్టుపని మానలేదు. "ఇంక మానను మాస్టారూ. ఇది ఉంటే ఎవరైనా తక్కువకి రమ్మంటే రానని చెప్పగలను" అంది. మేము మొదటినుంచీ ఆమె పారితోషికం అందరికంటే ముందు, ప్రదర్శన మొదలయ్యే లోపే ఇస్తున్నాం. ఇప్పుడు రిహార్సల్ రోజులకి కూడా ఇస్తున్నాం. దానికోసం సెట్లో ఒక తెర తగ్గించాం. తెర తగ్గిందని ఇంతవరకు ఒక్క ప్రేక్షకుడూ అడగలేదు.

వేషాల మార్పు ఆమెకీ చేయాలనుకున్నాను. పూటకూళ్ళమ్మ వేయమన్నాను. ఒక్క సీనే, కానీ చీపురు చేతిలో ఉంటుంది. నవ్వి ఒప్పుకుంది. అప్పుడు మధురవాణి ఎవరు వేస్తారన్నది ఇంకా తేలలేదు. ఒక కొత్త అమ్మాయి చదువుతోంది, బాగా చదువుతోంది. ఆ చూపు ఇంకా రాలేదు.

కిందటి ఆదివారం రిహార్సల్‌కి పాత శిష్యుడు వచ్చాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, గడ్డం వచ్చింది, గొంతు బావిలోంచి వస్తున్నట్టు ఉంది. హెడ్ కానిస్టేబులు పోర్షన్ ఇమ్మని అడిగాడు. ఇచ్చాను. చదివేముందు కొత్త శిష్యులిద్దరినీ పక్కకి పిలిచి, చీర కుచ్చెళ్ళు కాలికి అడ్డం పడకుండా ఎలా కూర్చోవాలో చూపించాడు. రామప్పంతులు గారు కండువా భుజాన వేసుకుని, మంచం పక్కన నిలబడి, మొదలుపెడదామా అని అడిగారు.